పని అడిగిన వేళకు ఆగిపోయే ల్యాప్‌టాప్: అనకాపల్లి వారికి చిట్కాలు

"కరెంటు లేదండీ" అని ఫోను పెట్టేసే సుఖం మన ఊళ్లో బాగా తగ్గిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు ఒరిగి, టవర్లు మూగబోయి, రోజుల తరబడి ఎవరూ ఎవరినీ ఆఫీసు పని సంగతి అడగలేదు. ఇప్పుడు లైను తెగితే సాయంత్రానికల్లా అతికించేస్తున్నారు. పైగా 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక పరవాడలోని సింహాద్రి థర్మల్ కేంద్రం మన జిల్లాలోకే వచ్చింది. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. 2,000 మెగావాట్లు పెరట్లో పెట్టుకుని కరెంటు లేదంటే హైదరాబాదులో కూర్చున్న మేనేజరు ఎందుకు నమ్ముతాడు? మీ ఇంట్లో ఇన్వర్టరు ఉన్న సంగతి కూడా వీడియో కాల్‌లో చూసేశాడు.

మిగిలింది ల్యాప్‌టాప్ బ్యాటరీ. దాన్ని బయటివాడు వచ్చి తనిఖీ చెయ్యలేడు. ఎప్పుడు పోయిందో, ఎప్పుడొస్తుందో మీరు చెప్పిందే లెక్క. కానీ బాగున్న బ్యాటరీని పోయిందని ఎన్నాళ్లు చెప్పగలరు? ఏదో ఒకరోజు నోరు జారుతుంది. నిజంగా పోగొట్టుకుంటే నోరు జారే బెంగే ఉండదు. అందుకు పెద్ద శ్రమ కూడా అక్కర్లేదు. కింద చెప్పినట్టు చెయ్యండి, చాలావరకు ఏమీ చెయ్యకుండా ఉండండి. ఒక అనకాపల్లి వేసవి చాలు.

1. ఛార్జరు ఎప్పుడూ తియ్యకండి.

రాత్రీ పగలూ గోడకే ఉంచండి. లిథియం అయాన్ సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ నిండు స్థితిలో ఎంత ఎక్కువసేపు ఉంటే అంత త్వరగా ముసలిదవుతుంది. ఈ సంగతి తెలిసే చాలా కంపెనీలు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగిపోయే ఏర్పాటు ల్యాప్‌టాప్‌లోనే పెట్టి ఇస్తున్నాయి. కొన్న రోజే ఆ సెట్టింగ్ వెతికి తీసెయ్యండి. ఎవరైనా ఎందుకని అడిగితే, "వంద శాతానికి డబ్బు కట్టాను, ఎనభై శాతం వాడుకోమంటే ఎలా?" అనండి. ఈ మాటకు ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేరు.

2. పరుపు మీద పెట్టుకుని పని చెయ్యండి.

ఏప్రిల్, మే నెలల్లో మేడ మీద గది ఎంచుకోండి. శ్లాబు ఉదయం నుంచీ కాలి, మధ్యాహ్నం మూడింటికి ఆ వేడంతా లోపలికి దింపుతుంది. ల్యాప్‌టాప్ గాలి పీల్చుకునే కన్నాలు సాధారణంగా అడుగునే ఉంటాయి. దూది పరుపు వాటిని చక్కగా మూసేస్తుంది. పైన ఒక దుప్పటి మడత కూడా ఉంటే మరీ మంచిది. వానాకాలం గోదాములో బెల్లం దిమ్మ నీరు కారినట్టు, నిండా ఛార్జయిన బ్యాటరీ వేడిలో తన సత్తా అంతా కారబోసుకుంటుంది. మొదటి చిట్కా, రెండో చిట్కా విడివిడిగా పాటిస్తే ఏళ్లు పడుతుంది. రెండూ కలిపి పాటించండి.

మీ అప్ప చెక్క బల్లో, స్టాండో కొనుక్కోమని చెప్తుంది. "మెడ నొప్పి వస్తుందే" అని చెప్పి పడుకోండి. పడుకుని పని చేసే సుఖం దీనితో పాటు దొరికే లాభం.

3. దుమ్ము జోలికి పోకండి.

లోపల చిన్న ఫ్యాను, రాగి గొట్టం, సన్నటి రేకులు ఉంటాయి. రేకుల మధ్య దుమ్ము పేరుకుని మందపాటి పొర కడుతుంది. ప్రాసెసరు మీద రాసిన పేస్టు కొన్నేళ్లకు ఎండిపోతుంది. రెండూ కలిశాక వేడి బయటికి పోయే దారి ఉండదు. ప్రాసెసరు ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అయినా వేడి పెరుగుతూ పోతే కాలిపోకుండా తనను తానే ఆపేసుకుంటుంది. హెచ్చరిక ఉండదు, సేవ్ చేసుకోమనే మాట ఉండదు. తెర నల్లబడుతుంది, అంతే. ఇంత శుభ్రమైన ఆగిపోవడం బ్యాటరీ కూడా ఇవ్వలేదు.

రిపేరు షాపులో విప్పి, దుమ్ము ఊది, పేస్టు మార్చడం చిన్న పని. అందుకే ఆ షాపు వైపు వెళ్లకండి. బెల్లం మార్కెట్ దారిలో లారీలు తిరిగే వైపు మీ కిటికీ ఉంటే తెరిచి ఉంచండి.

4. కారణం వెతకకండి.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే చిట్కా ఇదే. ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోవడానికి మామూలుగా ఉండే కారణాలు కొన్నే. అందుకే భయం. కుదురుగా కూర్చుంటే ఎవరైనా పది నిమిషాల్లో పట్టేస్తారు. ఛార్జరు తీశాక, మీటరు ఇంకా 30 శాతం చూపిస్తుండగానే ఆగితే అది బ్యాటరీ. ఛార్జరు ఉన్నా సరే, ఫ్యాను హోరెత్తి, అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత కాలి ఆగిపోయి, చల్లారాక మళ్లీ మామూలుగా లేస్తే అది వేడి. వైరు కదిపినప్పుడల్లా ఛార్జింగ్ గుర్తు వచ్చి పోతుంటే అది పిన్నో, పిన్ను దూరే జాకో. ఈ మూడు తేడాలూ కంటపడినా మనసుకు పట్టనివ్వకండి. పట్టిందా, ఆ పూటే బాగు చేయించాలనిపిస్తుంది.

విండోస్‌లో బ్యాటరీ జాతకం మొత్తం రాసిపెట్టే ఆదేశం ఒకటుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఆ తర్వాత స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక ఫైలు తయారవుతుంది. పుట్టినప్పుడు సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండా ఎక్కించినా ఎంత, ఇప్పటికి ఎన్నిసార్లు ఖాళీ అయి నిండింది, అన్నీ అందులో ఉంటాయి. 42,000 మిల్లీవాట్ అవర్లతో పుట్టింది 17,000 దగ్గరే ఆగుతోందని కనిపిస్తే ఇక వాదనకు చోటుండదు, కొత్త బ్యాటరీ కొనాల్సిందే. కాబట్టి ఆ ఫైలు తెరవకండి. కంప్యూటర్లు తెలిసిన బావ ఒకడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. పండక్కి వచ్చి "ఏదీ, ఇలా ఇవ్వు, ఓసారి చూస్తాను" అంటాడు. "బావా, ముందు భోజనం చెయ్యి, చల్లారిపోతోంది" అనండి. భోజనం అయ్యాక నిద్రపోతాడు.

ఒక్క రికార్డు మాత్రం మీకు పనికొస్తుంది. ఇలా హఠాత్తుగా ఆగిన ప్రతిసారీ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని పడుతుంది. పద్ధతిగా మూతపడకుండా మళ్లీ లేచింది అని తప్ప కారణం అది చెప్పదు. ఎర్ర గుర్తుతో, ఘనమైన పేరుతో ఉంటుంది. ఫొటో తీసి మేనేజరుకు పంపండి. "క్రిటికల్" అన్న మాట కనిపించేలా తియ్యండి.

5. ఛార్జరు చవగ్గా కొనండి.

65 వాట్ల ఛార్జరు కావాల్సిన ల్యాప్‌టాప్‌కు 45 వాట్లది తగిలించండి. పిన్ను పట్టింది కదా, చాలు. బరువైన పని మొదలెట్టగానే అది చాలక, ప్లగ్గులో ఉండగానే బ్యాటరీ తగ్గిపోతుంటుంది. ఇలాంటి విచిత్రం వర్ణించి చెప్పడానికి ఎంతో బాగుంటుంది. గోడ ప్లగ్గులో ఎర్త్ లేకపోయినా పట్టించుకోకండి. లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఎర్త్ సరిచేసి పోతాడు. పిలవకండి. "ముట్టుకుంటే షాక్ కొడుతోందండీ" అని చెప్పిన మనిషిని టైపు చెయ్యమని బలవంతపెట్టే మేనేజరు ఉండడు.

6. చివరి రక్షణ తీసెయ్యండి.

బ్యాటరీ మరీ అడుగంటినప్పుడు పనిని డిస్కు మీద దాచి నిద్రపోయే ఏర్పాటు విండోస్‌లో ముందే ఉంటుంది. అది పనిచెయ్యకుండా చూసుకోండి. ఎక్సెల్‌లో ఆటోసేవ్ కూడా తీసెయ్యండి. పొద్దున్నుంచి కొట్టిన లెక్క మధ్యాహ్నానికి మాయమైతే, పొద్దున్నుంచి కొట్టలేదని ఎవరూ నిరూపించలేరు.

7. ఎవరికి ఏ సాకు చెప్పాలో ముందే నేర్చుకోండి.

బ్యాటరీ చావడం సగం పనే. చెప్పడం తెలియకపోతే చచ్చిన బ్యాటరీ కూడా వృథా.

మేనేజరుకు గురువారం కావాల్సిన సాకును సోమవారమే నాటండి. "బ్యాటరీ కాస్త ఇబ్బంది పెడుతోంది, చూస్తున్నాను" అని పొద్దుటి మీటింగులో ఒక్క ముక్క అనండి, అంతకు మించి వద్దు. గురువారం నాడు అతనే "మళ్లీ బ్యాటరీయేనా?" అంటాడు. మీరు నిట్టూర్చండి.

శాతం చెప్పేటప్పుడు రెండు, మూడు అనకండి. ముందే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. 34 అనండి. ఇందులో అబద్ధం కూడా లేదు. ముసలి సెల్లుకు లోపలి నిరోధం పెరుగుతుంది. పని ఎక్కువై ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజి దబ్బున పడిపోతుంది, రక్షణ సర్క్యూట్ లైను కోసేస్తుంది. మీటరు మాత్రం ఇంకా 34 దగ్గరే ఉంటుంది. ఇంత సైన్సు మీ వెనక నిలబడి ఉండగా తడబడాల్సిన పనేముంది?

కెమెరా పెట్టమంటే, "కెమెరా పెడితే లోడు పెరిగి ఆగిపోతుందండీ" అనండి. పైన చెప్పిన సైన్సే ఇక్కడా పనిచేస్తుంది. ఫోనులోంచి మీటింగులోకి రమ్మంటే, "ఫోనుకు ఛార్జింగ్ ల్యాప్‌టాప్ నుంచే పెడతానండీ" అనండి. వాళ్లు ఒక్క క్షణం ఆలోచనలో పడతారు, ఆ క్షణంలో కాల్ కట్ చెయ్యండి.

జీఎస్టీ లెక్కలు రాసే కుర్రాళ్లకు వేరే కిటుకు ఉంది. జీఎస్‌టీఆర్-3బీ నెలనెలా వేసే షావుకారుకు గడువు మరుసటి నెల 20వ తేదీ. 12న మొదలుపెడితే పూర్తయిపోతుంది కాబట్టి 20 రాత్రి మొదలుపెట్టండి. ఆగిపోయాక కొట్టుకు వెళ్లి, ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, మూత తెరిచి, నల్ల తెర షావుకారు వైపు తిప్పండి. "షావుకారు గారూ, మీ కళ్లతో మీరే చూడండి." ఆలస్యానికి రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ పడతాయి. పడేది షావుకారు మీద. ఆయన అరిస్తే తల వంచుకుని "మీరన్నా నేను పడతాను గానీ ఈ బ్యాటరీ ఏటి సేత్తాదో నాకే తెల్డం లేదండి" అనండి. మన యాసలో చెప్పిన మాటకు ఆయన కోపం సగం దిగుతుంది.

ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టు సారుకు చెప్పేటప్పుడు స్నేహితులంతా ఒకే రోజు ఒకే సాకు చెప్పకండి. ఒకరు బ్యాటరీ, ఒకరు ఛార్జరు, ఒకరు వేడి పంచుకోండి. నాలుగో చిట్కాలో చెప్పిన మూడు కారణాలు ఇక్కడ మాత్రం గుర్తు తెచ్చుకోవచ్చు.

అమ్మకు సాకు అక్కర్లేదు. "ల్యాప్‌టాప్ పోయిందమ్మా, అందుకే ఫోను చూస్తున్నాను" అంటే చాలు. టీ ఇస్తుంది.

8. ఉబ్బినా వాడండి.

కొన్నాళ్లకు టచ్‌ప్యాడు పైకి లేస్తుంది, నొక్కితే దిగదు. మూత సరిగ్గా పడదు. బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతుంది. లోపల ద్రావణం విరిగి వాయువు పుట్టి సెల్లు పొంగిందన్నమాట. మీ కృషి ఫలించింది. రిపేరు తమ్ముడు చూస్తే మొహం మారిపోతుంది. "బాబూ, పొంగిపోనాది. ఇంక ఆన్ సెయ్యకండి, ఛార్జింగ్ పెట్టకండి, నొక్కకండి, పొడవకండి, అంటుకుంటాది" అంటాడు. నిజమే అంటాడు. సోనీ 1991లో లిథియం అయాన్ సెల్లును మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. ఆ సోనీ సెల్లులున్న బ్యాటరీలే వేడెక్కి మంటలంటుకుంటున్నాయని 2006 ఆగస్టులో డెల్ 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిపించుకుంది. ఇవన్నీ వింటే మీరు ఆ రోజే బ్యాటరీ తీయించేస్తారు, ల్యాప్‌టాప్ ఇంకో మూడేళ్లు బతుకుతుంది, పని మళ్లీ మీ నెత్తిన పడుతుంది. అందుకని ఆ తమ్ముడికి చూపించకండి. ఇల్లు మాత్రం సొంతం కాకపోతే మంచిది.

9. వారంటీ దాటనివ్వండి.

ల్యాప్‌టాప్‌కు రెండు మూడేళ్లు వారంటీ ఇచ్చినా బ్యాటరీకి ఏడాదితో సరిపెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి. పదకొండో నెలలో తేడా కనిపిస్తే పెదవి విప్పకండి. పదమూడో నెలలో గట్టిగా ఫిర్యాదు చెయ్యండి. ఉచితంగా మార్చేస్తే అప్పటిదాకా పడ్డ పాటంతా నీటిపాలు.

10. కొత్త బ్యాటరీ కొనక తప్పకపోతే సరైనది కొనకండి.

లిథియం సెల్లులకు ఐఎస్ 16046 అనే భారత ప్రమాణం ఉంది. ఆ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు సరుకు మీద ఉండాలి. ఉన్నవాటిని పక్కన పెట్టించండి. సగం ధరకు వచ్చేవి అడగండి. కొన్నిటిలో పాత ప్యాకుల్లోంచి తీసిన సెల్లులకు కొత్త తొడుగు వేసి, స్టిక్కరు మీద పెద్ద అంకె కొట్టి అమ్ముతారు. అంకె ఎంత పెద్దదైతే అంత నమ్మకంగా కొనండి. నాలుగు నెలల్లో మళ్లీ మొదటికి వస్తారు.

సర్వీసు సెంటరుకని సెలవు అడిగేటప్పుడు విశాఖపట్నం పేరు చెప్పండి. అనకాపల్లి నుంచి రైల్లో గంట ప్రయాణమే అయినా, హైదరాబాదులో ఉన్న మేనేజరుకు ఆ సంగతి తెలియదు. ఒక రోజు ఇవ్వడానికి, ఒక రోజు తెచ్చుకోవడానికి, మధ్యలో "పార్టు రాలేదు" అన్నదానికి ఇంకోటి. ఈ సెలవులు కొత్త అమావాస్య తర్వాత పెట్టుకోండి. గవరపాలెంలో నూకాంబిక అమ్మవారి జాతర ఆ రోజు మొదలై నెల సాగుతుంది. దర్శనం అవుతుంది, చుట్టాల ఇళ్లలో భోజనాలవుతాయి. జాతరలో తీసిన ఫొటోలు మాత్రం ఆ నెలలో ఎక్కడా పెట్టకండి.

11. అడుగంటిన బ్యాటరీని అలాగే బీరువాలో పెట్టండి.

సంక్రాంతికి ఊరెళ్తున్నప్పుడు సగం ఛార్జింగుతో పెడితే క్షేమంగా ఉంటుంది. సున్నాలో పెట్టండి. వారాల తరబడి అలా ఉంటే వోల్టేజి మరీ దిగజారి, రక్షణ సర్క్యూట్ బ్యాటరీకి తాళం వేస్తుంది. తిరిగొచ్చాక ఛార్జరు పెట్టినా లేవకపోవచ్చు. ఊళ్లో ఉన్నప్పుడే ఇలా జరిగిందంటే మీ తప్పేమీ లేదని అందరూ ఒప్పుకుంటారు.

12. బయోస్ అప్‌డేట్ మొదలుపెట్టి వైరు లాగండి.

చిన్న చిట్కా, ఫలితం పెద్దది. బ్యాటరీ ఎలాగూ లేదు కాబట్టి అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు ఆగితే మదర్‌బోర్డు ల్యాప్‌టాప్‌ను ఎలా మొదలుపెట్టాలో మరిచిపోవచ్చు. బ్యాటరీ మార్చినా లేవని స్థితికి ఇదే దగ్గరి దారి.

13. పాత బ్యాటరీలు పారెయ్యకండి, అప్పగించకండి.

2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు, సేకరించేవారికో రీసైకిల్ చేసేవారికో అప్పగించాలి. దీనికోసం లేచి చెప్పులేసుకోవాలి. అటక మీద పాత ఫోన్ల పక్కన పడేసి మరిచిపోండి. ఉబ్బినదాన్ని కూడా. ఎప్పుడైనా "పాతది చూపించు" అని ఎవరైనా నిలదీస్తే ఋజువుగా దించవచ్చు.

14. ఇంకెక్కడా కాపీ ఉంచకండి.

హార్డ్ డిస్క్ కొనకండి. ఫైళ్లు ఇంకోచోట ఉంటే ఇంకో కంప్యూటరులో తెరిచి పని చెయ్యమంటారు. మూడేళ్ల పని, అప్ప పెళ్లి ఫొటోలు, షావుకారు లెక్కలు, సర్టిఫికెట్ల స్కాన్లు, అన్నీ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. అది పోయిన రోజు మీరు పూర్తిగా ఖాళీ. ఏది అడిగినా "అందులోనే ఉందండీ" అన్న ఒక్క జవాబు సరిపోతుంది.

ఇవన్నీ పాటిస్తే మూడు నాలుగు నెలల్లో మేనేజరు ఫోన్లు తగ్గుతాయి, తర్వాత ఆగిపోతాయి. ల్యాప్‌టాప్ కంపెనీదైతే వెనక్కి పంపమని ఒక ఉత్తరం వస్తుంది. ఉబ్బిన బ్యాటరీతో ఉన్నదాన్ని కొరియర్ వాళ్లు తీసుకోం అంటారు కాబట్టి దానికీ తొందర లేదు. జీతం ఆగిన మొదటి నెల దాటాక మీ నాన్నగారు "పొద్దున్నే లేచి కొట్టుకు రా, ఖాతా రాసుకుందువు గాని" అంటారు. అక్కడ లెక్కలన్నీ ఎర్ర అట్ట పుస్తకంలో. దానికి ఛార్జింగ్ ఉండదు, వేడెక్కదు, మధ్యలో ఆగదు. కంగారుపడకండి. ఇంటి నుంచి బయల్దేరేముందు పెన్నులో రీఫిల్ తీసి జేబులో వేసుకోండి.